మూడు సందులు, ఒక ఏనుగు చెవి

ఆ ఆదివారానికి కుస్నాది వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఏడింటికి కాఫీ తాగడం, ఎనిమిదింటికి ఇస్త్రీ చేసిన బాతిక్ చొక్కా తొడుక్కోవడం, తొమ్మిదింటికి నాలుగో సందు తోట గేటు దగ్గర నిలబడి తోటల పోటీ చూడ్డానికి వచ్చే న్యాయనిర్ణేతకి సలాం చెప్పడం. మార్కుల సంగతి తోటే చూసుకుంటుందని అతని ధీమా. సురబయా రేవులో ముప్పై ఏళ్ళు పడవ టికెట్లు చింపి రిటైరైన మనిషి కాబట్టి, టైముకి గేటు దగ్గర నిలబడితే మిగతావన్నీ వాటంతటవే జరిగిపోతాయని అతని అనుభవం.

తోట అంటే పెద్దదేం కాదు. సందు చివర పది రిక్షాలు ఆపుకునేంత జాగా. నాలుగేళ్ళ క్రితం దాకా మూడు సందుల చెత్తా అక్కడే పోసేవాళ్ళు. దానికి ఎదురుగుమ్మం వార్సినిది. ఆవిడ రోజూ పొద్దున్నే ముందు గదిలో బల్ల వేసి, ఉడికించిన ఆకుకూరల మీద పల్లీల పచ్చడి పోసి అన్నం అమ్ముతుంది. ముక్కు మూసుకుని ఎవరూ అన్నం తినలేరు కదా. అందుకని ఒక ఆదివారం ఆవిడే పార పట్టుకుని చెత్తలోకి దిగింది. రెండో ఆదివారం కుస్నాది చేరాడు. నెల తిరిగేసరికి సందంతా చేరింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఇంటికొకరు చొప్పున వచ్చి తవ్వుతారు, నీళ్ళు పోస్తారు, ఆ తర్వాత వార్సిని పెట్టింది తింటూ ఎవరు తక్కువ తవ్వారో వాదించుకుంటారు.

జాగా మాత్రం ఇప్పటికీ నగరపాలకవాళ్ళదే. ఈ ఆగస్టు పోటీలో నూటికి అరవై మార్కులు దాటిన తోటలు తోటలుగానే ఉంటాయనీ, దాటనివాటిని స్థానిక అవసరాలకి వాడుకుంటారనీ కాయితం వచ్చింది. మా పేటలో స్థానిక అవసరం అంటే ఒక్కటే, చెత్త కేంద్రం. కాయితం చదివిన రోజు వార్సిని పచ్చడిలో మిరపకాయలు రెట్టింపు పడ్డాయి.

ఆదివారం ఏడున్నరకి గేటు తీసిన కుస్నాదికి ముందుగా కనిపించినవి వంగ మొక్కలు. అవి తలలు వాల్చి నేల చూపులు చూస్తున్నాయి. వాటి పక్కన మిరప, తోటకూర, కుండీల్లో చామంతులు, అన్నీ పసుపుపచ్చగా చేరగిలబడి ఉన్నాయి. శనివారం పొద్దున ఆకులు కాస్త వాడినట్టు అనిపిస్తే ఎండదెబ్బ అనుకున్నాడు. ఇది ఎండ చేసే పని కాదు.

"ఇవి నా బల్ల మీదికి రావాల్సిన ఆకుల్లా ఉన్నాయేంటన్నయ్యా," అంది వెనక నుంచి వార్సిని. "ఎవరు ఉడకబెట్టారు?"

కుస్నాదికి శుక్రవారం గుర్తొచ్చింది. టోఫు, అంటే సోయా గింజల జున్ను, చేసేవాళ్ళు పారబోసే నీళ్ళు మొక్కలకి మంచి బలమని ఒక కరపత్రంలో చదివాడు. వాటిని రెండు వారాలు పులియబెట్టి, పదింతలు మంచినీళ్ళు కలిపి పోయాలని అదే కరపత్రం వెనకవైపు ఉంది. కుస్నాది ముందువైపు చదివే ఉత్సాహపడిపోయి, ఎనిమిది డబ్బాలు పొయ్యి మీదనుంచి దించినవి దించినట్టు తెచ్చి పోసేశాడు. పోటీ రోజున ఆకులు నిగనిగలాడాలని అతని ఆశ.

"ఎంత వేడిగా ఉన్నాయి?" అని అడిగింది వార్సిని.

"చెయ్యి పెట్టి చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

"మొదటి డబ్బాలో పెట్టాను. అందుకే మిగతా వాటిలో పెట్టలేదు."

వార్సిని వంగ మొక్క పక్కన చతికిలబడింది. ఒక ఆకుని వేలితో పైకెత్తి పట్టుకుని, వదిలేసింది. అది మళ్ళీ వాలిపోయింది. తిట్టి ఉంటే కుస్నాది తట్టుకునేవాడు. ఆవిడ తిట్టలేదు. కళ్ళు మాత్రం నీళ్ళతో నిండిపోయాయి.

"నాలుగేళ్ళన్నయ్యా," అంది. "మళ్ళీ ఆ కంపు మధ్యలో కూర్చుని అన్నం అమ్మమంటే నావల్ల కాదు. కొట్టు మూసుకోవాల్సిందే."

ఆ మాట కుస్నాది గుండెల్లో దిగబడింది. దాంతో అతని బుర్ర చురుగ్గా పనిచేయడం మొదలుపెట్టింది. అసలు ముప్పు అక్కడ వచ్చింది.

పోటీ రోజున కుండీలు అరువు తెచ్చుకోవడం మా పేటలో కొత్తేం కాదు. పెళ్ళికి కుర్చీలు, విందుకి గ్లాసులు ఇచ్చిపుచ్చుకున్నట్టే, న్యాయనిర్ణేత ఒక సందు దాటగానే ఆ సందు కుండీలు వెనక కాలువ గట్టు మీదుగా పక్క సందుకి వెళ్ళిపోతాయి. దీన్ని మోసం అని ఎవరూ అనరు. ఇరుగుపొరుగు సాయం అంటారు. నాలుగో సందుకే, సొంత తోట ఉందన్న పొగరుతో, ఇన్నాళ్ళూ ఆ సాయం అడగాల్సిన అవసరం రాలేదు.

మూడో సందు తోటకి పెద్ద లస్తారి. బడిలో లెక్కల పంతులమ్మగా చేసిన మనిషి. ఆవిడ తోటలో కుండీలు కూడా ఎత్తు ప్రకారం వరసలో నిలబడతాయి. ఆవిడ ప్రాణమంతా ఒక ఏనుగు చెవి మొక్క మీద ఉంటుంది. ఒక్కో ఆకూ బారెడు పొడవు. అన్నిటికంటే పెద్ద ఆకుకి కుడి అంచున, ఎప్పుడో పిల్లి కొరికిన చోట, అర్ధచంద్రంలా చిరుగు ఉంది.

"పన్నెండు కుండీలిస్తాను. ఏనుగు చెవి కూడా పట్టుకెళ్ళు," అంది లస్తారి, సాయం అడగడానికి వచ్చిన కుస్నాదితో. "న్యాయనిర్ణేత మా సందులోంచి ఎనిమిదీ యాభైకి బయటపడతాడు. నువ్వు వెనక దారిలో కాచుకుని ఉండు. పదికి పావుగంట ముందు మాత్రం కుండీలన్నీ మీ వెనక గేటు దగ్గర ఉండాలి."

"అప్పుడే ఎందుకక్కా? పోటీ అయ్యాక తీరిగ్గా తెచ్చి మీ ఇంట్లోనే దింపుతాగా."

"చెప్పింది చెయ్యి తమ్ముడూ. పావు తక్కువ పదికి, వెనక గేటు."

బతికిపోయానన్న సంబరంలో కుస్నాది ఇంకేమీ అడగలేదు.

బండి కూరగాయల కసీరాన్‌ది. బెండకాయలూ ఉల్లిపాయలూ ఇంట్లో దింపేసి, కుండీలు ఎక్కించుకుని, పైన నీలం పరదా కప్పాడు. ఏనుగు చెవి ఆకులు మాత్రం పరదా కిందనుంచి రెండు పక్కలా బయటికి వేలాడుతున్నాయి. ఒక్క చిక్కు ఏమిటంటే, బండి కదిలితే కసీరాన్ నోరు ఊరుకోదు. పాతికేళ్ళ అలవాటు. గట్టు మీద పది అడుగులు తోశాడో లేదో, "కూరగాయలమ్మా, తాజా కూరగాయలు," అని కేకేశాడు. వెంటనే మూడు ఇళ్ళ వెనక తలుపులు తెరుచుకున్నాయి.

"ఆ పెద్దాకు కట్ట ఎంత?" అడిగిందొకావిడ.

"అమ్మేది కాదమ్మా."

"అమ్మనప్పుడు అరవడమెందుకు?" అంటూ ఆవిడ పరదా కింద చెయ్యి పెట్టి, ఒక కుండీలోంచి గుప్పెడు తులసి తుంచుకుపోయింది.

తొమ్మిదయ్యేసరికి వాడిపోయిన మొక్కలు వార్సిని వంటింట్లోకి, అరువు కుండీలు వాటి స్థానంలోకి చేరిపోయాయి. కుస్నాది చెమట తుడుచుకుని, చొక్కా సర్దుకుని, గేటు దగ్గర నిలబడ్డాడు.

ఇంతవరకు మా పేటకి వచ్చిన న్యాయనిర్ణేతలు మంచివాళ్ళు. గేటు దగ్గర ఫోటో దిగి, టీ తాగి, చాలా బాగుందని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ఈసారి వచ్చిన ప్రియాంబొదో గారు వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైనాయన. పొట్టి మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు, దారం కట్టిన పెన్సిలు. ఆయనకి నిజంగానే అన్నీ తెలుసుకోవాలని ఉంది. అలాంటి న్యాయనిర్ణేతతో ఎలా వేగాలో మా పేటలో ఎవరికీ తెలియదు.

ఆయన తోటంతా ఒక చుట్టు చుట్టి, ఏనుగు చెవి ముందు ఆగారు. "దీన్ని ఇప్పుడే మూడో సందులో చూసినట్టున్నానే."

"అది దీని అక్కండీ," అన్నాడు కుస్నాది. ఆ మాట తన నోట్లోకి ఎలా వచ్చిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

"అక్కా? అంటే, ఒకే తల్లి మొక్క పిలకలా?"

"ఒకే తల్లి సార్. ఒకే కాన్పు."

"ఈ చిరుగు దానికీ ఉంది. సరిగ్గా ఇక్కడే."

"అది వాళ్ళ వంశంలోనే ఉంది సార్."

ప్రియాంబొదో గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆకు చిరుగు వంశపారంపర్యంగా రావడం ఆయన నలభై ఏళ్ళ కొలువులో వినలేదు. జేబులోంచి స్కేలు తీసి చిరుగుని కొలిచి, పుస్తకంలో బొమ్మ గీసుకున్నారు. ఆ తర్వాత గాలి పీల్చారు.

"ఇక్కడ సోయా వాసన వస్తోందేమిటి?"

"మా వంటింట్లోంచండీ," అంది వార్సిని. అబద్ధం ఆడే అలవాటు లేని మనిషి కావడంతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ కంగారులో ఆయన్ని లోపలికి పిలిచి అన్నం వడ్డించింది. తింటున్నంతసేపూ ఆయన ఏ ఆకు ఏ మొక్కదో అడుగుతూనే ఉన్నారు.

ఆయన తింటుండగానే కుస్నాది, కసీరాన్ కుండీల్ని వెనక గేటుకి చేరవేశారు. గేటు తీస్తే ఎదురుగా ఐదో సందు ముక్లిస్, మరో ఇద్దరితో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంటి బాబాయ్, ఇంత ఆలస్యం? పదింటికి మా వంతు."

"మీ వంతేంటి?"

"లస్తారి పెద్దమ్మ మాకు పోయిన వారమే మాటిచ్చింది. మధ్యలో నువ్వొచ్చి ఏడ్చావట, సరే గంటసేపు వాడుకోనీ అంది."

ఐదో సందు తోట, ఉన్నమాట చెప్పాలంటే, బాడ్మింటన్ కోర్టు. పోటీ రోజున నెట్టు విప్పేసి, గీతల వెంబడి కుండీలు పెడతారు. ముక్లిస్‌కి మొక్కల గురించి ఏమీ తెలియదు గానీ, అడిగినవాళ్ళకి లేదనకుండా జవాబు చెప్పే గుణం ఉంది.

"మిగతావన్నీ తీసుకెళ్ళు. ఏనుగు చెవిని మాత్రం వదిలెయ్," అన్నాడు కుస్నాది. "దానికి అక్క ఉందని చెప్పాను."

"ఎవరికి అక్క?"

"దానికే."

ముక్లిస్ ఏనుగు చెవి ఆకుని తడిమి చూశాడు. "అది లేకపోతే నా కోర్టులో చూడ్డానికేముంది బాబాయ్? పోనీ, అడిగితే మూడో చెల్లెలని చెప్తాలే."

"అంతే చెప్పు. ఒక్క ముక్క ఎక్కువ చెప్పొద్దు."

ముక్లిస్ సరేనన్నాడు. పదింపావుకి ఐదో సందు గోడ అవతలనుంచి చెవి ఒగ్గిన కుస్నాదికి అతని గొంతు గట్టిగా వినిపించింది. "ఇది ఆఖరిది సార్. మా అత్తగారి ఊళ్ళో పుట్టింది. ముగ్గురూ మూడిళ్ళకి పోయినా ప్రేమలు మాత్రం పోలేదు. ఏటా ఈ నెలలో ముగ్గుర్నీ ఒకచోట చేర్చి, పూలు చల్లి, మేమందరం భోజనాలు చేస్తాం."

"ఈ ఏడు చేశారా?" అడిగారు ప్రియాంబొదో గారు.

"ఇంకా లేదు సార్."

"అయితే ఇవాళే చెయ్యండి. పదకొండింటికి, పేట సమావేశ మందిరంలో. మూడింటినీ పక్కపక్కన పెట్టి కొలవాలి. చిరుగు తల్లినుంచి వచ్చిందా లేదా అన్నది తేలాలి." ఆయన గొంతులో ఆనందం గోడ ఇవతలికి కూడా వినిపించింది.

పదిన్నరకి కుస్నాది, వార్సిని, ముక్లిస్ వెళ్ళి లస్తారితో పాటు ఆవిడ వరండాలో కూర్చున్నారు. ఎవరిని ఎవరు ముందు తిట్టాలో వాళ్ళకి తేలలేదు.

"భోజనాలెందుకు పెట్టావురా?" అన్నాడు చివరికి కుస్నాది.

"నువ్వు అక్కాచెల్లెళ్ళని చేస్తే తప్పు లేదు, నేను అన్నం పెడితే తప్పొచ్చిందా?" అన్నాడు ముక్లిస్.

"నా మొక్కని మూడు ముక్కలు చేద్దామని ఎవరైనా అన్నారంటే, ఆ చేతులు ఉండవు," అంది లస్తారి ముందుజాగ్రత్తగా.

మంగలి కొట్టులో అచ్చం అలాంటిదే ఒకటుందని ముక్లిస్‌కి గుర్తొచ్చింది. ఉంది. కాకపోతే అది ప్లాస్టిక్కు. కుస్నాది దాన్ని అక్కడే కడిగి, దుమ్ము వదిలించి, మంగలి కత్తెర అడిగి తీసుకుని, పెద్దాకు అంచున అర్ధచంద్రం కత్తిరించాడు. పని నాజూగ్గానే వచ్చింది గానీ, కత్తిరించేటప్పుడు అద్దంలో చూస్తూ కత్తిరించాడు. బయటికి తెచ్చాక చూస్తే చిరుగు ఎడమవైపుంది.

"రెండయ్యాయి. మూడోది?" అంది లస్తారి.

"మూడో ఆవిడకి ఒంట్లో బాలేదని చెబుదాం," అన్నాడు ముక్లిస్.

ఆ మాట విని వార్సిని లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

పదకొండింటికి సమావేశ మందిరంలో మూడు సందుల జనమూ చేరారు. భోజనాలున్నాయని కబురు పాకడంతో కొందరు కంచాలు కూడా తెచ్చుకున్నారు. బల్ల మీద ఏనుగు చెవి, దాని పక్కన మంగలి కొట్టు చెల్లెలు. ప్రియాంబొదో గారు స్కేలు పట్టుకుని వంగారు.

"ఈమెకి ఎడమవైపుంది చిరుగు," అన్నారాయన.

"ఎడంచేతి వాటం సార్," అన్నాడు ముక్లిస్.

ఆయన ఆకుని వేళ్ళమధ్య పట్టుకుని రుద్దారు. కుండీని మెల్లగా వంచి అడుగు చూశారు. "కింద ఫ్యాక్టరీ ముద్ర ఉంది," అన్నారు. కోపంగా అనలేదు. నిజంగా ఆశ్చర్యపడుతూ అన్నారు. కుస్నాదికి కోపం కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు వార్సిని గుమ్మంలోంచి నడిచి వచ్చింది. చంకలో వెదురు బుట్ట, దాన్నిండా వాడిపోయిన వంగ మొక్కలు వేళ్ళతో సహా ఉన్నాయి. బుట్టని బల్ల మీద పెట్టింది.

"మా తోట ఇదండీ. పొద్దున మీరు చూసింది మాది కాదు," అంది. "శుక్రవారం దాకా బతికే ఉంది. చేతకాక చంపుకున్నాం. మాకు మార్కులు వెయ్యకండి, వెయ్యమని అడిగే మొహం కూడా లేదు. కానీ ఆ నేల చూడండి, నాలుగేళ్ళు తవ్వాం. గాజు పెంకులు, పాత చెప్పులు, సైకిల్ టైర్లు, అన్నీ ఈ చేతుల్తోనే ఏరాం. మొక్కలు మళ్ళీ వేసుకుంటాం. మా గుమ్మంలోకి చెత్త మాత్రం తీసుకురాకండి."

"చేతకాక కాదు సార్, నా వల్ల," అన్నాడు కుస్నాది లేచి నిలబడి. "టోఫు నీళ్ళు పోసింది నేను. అక్కాచెల్లెళ్ళని పుట్టించిందీ నేనే. ఆవిడకి ఏ పాపం తెలియదు."

"గంటసేపు ఇచ్చింది నేను," అంది లస్తారి, ఎవరూ అడక్కపోయినా.

ప్రియాంబొదో గారు కుర్చీలో కూర్చుని, పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి, టైములు రాసుకున్న పేజీ దగ్గర ఆగారు.

"ఒక్క సంగతి నాకు అర్థం కావడం లేదు," అన్నారు. "నేను మూడో సందులోంచి ఎనిమిదీ యాభైకి బయటికొచ్చాను. ఎక్కడా ఆగకుండా నడిచి తొమ్మిదికి నాలుగో సందు చేరాను. పన్నెండు కుండీలు నాకంటే ముందు అక్కడికి ఎలా వచ్చాయి?"

జనం కసీరాన్‌ని ముందుకి తోశారు.

"గట్టు మీదుగా సార్," అన్నాడు కసీరాన్. "ఒకళ్ళు అందిస్తే ఒకళ్ళు అందుకుంటారు. దింపేటప్పుడూ అంతే."

"ఒక్క కుండీ కూడా పగల్లేదా?"

"గుప్పెడు తులసి పోయింది సార్. అంతకు మించి ఏమీ లేదు."

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నారు. "చూపించండి."

అలా ఆ మధ్యాహ్నం, మండుటెండలో, మా పేట తన రహస్యాన్ని మొదటినుంచి చివరిదాకా న్యాయనిర్ణేతకి ఆడి చూపించింది. మూడో సందు ఆడవాళ్ళు వరస కట్టి కుండీలు అందించారు, నాలుగో సందువాళ్ళు బండిలో సర్దారు, ఐదో సందు కుర్రకారు ముందు నుంచి లాగారు. కసీరాన్ అలవాటు కొద్దీ కూరగాయలమ్మా అని అరిచాడు. ప్రియాంబొదో గారు గడియారం చేత్తో పట్టుకుని ఆయాసపడుతూ బండి వెనకే పరుగెత్తారు. మూడో సందునుంచి ఐదో సందు దాకా, దింపడంతో సహా, తొమ్మిది నిమిషాలు. ఆయన ఇంకోసారి చెయ్యమన్నారు. రెండోసారి ఎనిమిదిన్నరలో చేశారు. కుస్నాదికి ఆ క్షణంలో సిగ్గుపడాలో గర్వపడాలో తెలియలేదు.

గురువారం పొద్దున ఫలితాల కాయితం వచ్చింది. వార్సిని కొట్టు దగ్గర పాతికమంది మూగారు. కుస్నాది పైకి చదివాడు. మూడో సందు, డెబ్భై ఒకటి. ఐదో సందు, మార్కులు లేవు, ఆటస్థలంగా కొనసాగవచ్చు. నాలుగో సందు, ముప్పై నాలుగు.

వార్సిని గరిటె పచ్చడి గిన్నెలోనే ఆగిపోయింది. కుస్నాది తలెత్తి ఆవిడ వైపు చూడలేక, కింద ఉన్నది కూడా చదవడం మొదలుపెట్టాడు.

"అయితే ఈ మూడు సందులకీ చెత్త కేంద్రం అనవసరమని నా అభిప్రాయం. ఎంత బరువైన వస్తువునైనా పది నిమిషాల లోపల, ఎవరి కంటా పడకుండా, చెక్కుచెదరకుండా తరలించగలమని వీరు నా సమక్షంలో రెండుసార్లు నిరూపించారు. మార్కెట్ వెనక ఉన్న పెద్ద కేంద్రానికి ఏ రోజు చెత్త ఆ రోజు వీరే చేర్చుకోగలరు. నాలుగో సందు నేల మంచిది. తోటగానే ఉంచాలి."

వార్సిని బల్ల వెనక పీట మీద కూలబడి, కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. ఆ రోజు ఎంతమంది తిన్నారో ఆవిడ చూసుకోలేదు. కుస్నాది రెండు కంచాలు లాగించి, ఛాతీ విరుచుకుని, "ఎవరేమన్నా అనుకోండి, చివరికి నా పథకమే పనిచేసింది," అని సందు చివరిదాకా వినపడేలా చెప్పాడు. ఆ ఒక్క రోజుకి ఎవరూ కాదనలేదు.

శనివారం నగరపాలకవాళ్ళు పచ్చరంగు వేసిన కొత్త చెత్త బండిని తెచ్చి తోట గేటు ముందు దింపారు. దాంతోపాటు ఒక ఫారం కూడా ఇచ్చారు. రోజూ ఉదయం ఐదున్నరకి బండి తోయాల్సినవారి పేరు అన్న చోట ప్రియాంబొదో గారు ఎవర్నీ అడక్కుండానే కుస్నాది పేరు రాసి సంతకం పెట్టారు. ఎంతకాలం అన్న గడిని మాత్రం ఖాళీగా వదిలేశారు.